రోజూ నడిచే మా అమ్మ నేల మీది నుంచి ఎందుకు లేవలేకపోయింది?

పోయిన ఏడు ఎంగిలిపూల బతుకమ్మ రోజు మధ్యాహ్నం. హనుమకొండలో మా ఇంటి హాల్లో చాప పరిచి, తాంబాళం ముందు పెట్టుకుని అమ్మ బతుకమ్మ పేరుస్తోంది. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు ఒక్కో వరసా పేర్చుకుంటూ గంటన్నర కూర్చుంది. పైన గౌరమ్మను పెట్టి లేవబోయింది. కుడి చెయ్యి నేలకు ఆనించింది కానీ నడుం లేవలేదు. పక్కకు జరిగి సోఫా అంచు పట్టుకుంది. మోకాలు సగం దాకా వచ్చి వణికింది. మళ్లీ కూర్చుండిపోయింది. నేను వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టి లేపాను. చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ అమ్మ ఒక మాట అడిగింది.

"రోజు నడుస్తనే ఉన్న గద బిడ్డా, మరి లేవస్తలేదేంది?"

అమ్మకు 71 ఏళ్లు. నాలుగేళ్లుగా పొద్దున్నే భద్రకాళి బండ్ మీద ముప్పావు గంట నడుస్తుంది. వాన పడితే తప్ప మానదు. నడకలో నాకన్నా ముందే ఉంటుంది. అలాంటి మనిషి నేల మీది నుంచి లేవలేకపోవడం నాకూ అర్థం కాలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఫిజియోథెరపిస్టును కలిశాను, దొరికింది చదివాను, అమ్మతో పాటు చేసి చూశాను. నాకు అర్థమైనంతలో ఆ చిక్కుముడి విప్పడానికే ఇది రాస్తున్నాను.

మన దగ్గర పెద్ద వయసులో వ్యాయామం అంటే వాకింగే. నడక గుండెకు మంచిది, షుగర్‌కు, బీపీకి, నిద్రకు మంచిది. ఎవరూ మానొద్దు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 దాటినవాళ్లకు చెప్పినవి మూడు మాటలు. వారానికి కనీసం 150 నిమిషాలు నడక లాంటిది చేయాలన్నది మొదటిది. కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలన్నది రెండోది. తూలిపోకుండా నిలదొక్కుకునే సాధన, బలం కలిపి మూడు రోజులు చేయాలన్నది మూడోది. మొదటి మాట మన ఇంటింటికీ చేరింది. మిగతా రెండూ రాలేదు. మందుల చీటీ చివర "వాకింగ్" అని రాసి ఉంటుంది, అంతటితో అయిపోతుంది.

కండరం లోపల ఏం జరుగుతోంది

కండరం ఒకే ముద్దగా ఉండదు. కొత్తవాడ మగ్గాల మీద జంపఖానా పోగుల్లాగా వేల పోగులు కలిసిన కట్ట అది. ఈ పోగుల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒక రకం నెమ్మదిగా పనిచేస్తాయి, తొందరగా అలసిపోవు. నిలబడడానికి, నడవడానికి ఇవి చాలు. రెండో రకం గట్టిగా, వేగంగా ముడుచుకుంటాయి కానీ తొందరగా అలసిపోతాయి. నేల మీది నుంచి లేవడానికి, నీళ్ల బకెట్ ఎత్తడానికి, కాలు జారినప్పుడు తమాయించుకోవడానికి ఇవి కావాలి.

ఈ పోగులను గుంపులు గుంపులుగా నడిపించేవి వెన్నుపాములోని నాడీకణాలు. వీటిని శరీరం ఒక వరసలో పిలుస్తుంది. తేలిక పనికి నెమ్మది పోగుల చిన్న గుంపులే వస్తాయి. బరువు పెరిగితేనో, వేగం కావాల్సి వస్తేనో పెద్ద గుంపులకు పిలుపు వెళ్తుంది. ఇంట్లో గిన్నెలు సర్దడానికి ఇద్దరు చాలు, వడ్ల బస్తాలు లోపల వేసే రోజు వాడకట్టును పిలుస్తాం కదా, అట్లాగే. చదునైన దారి మీద మామూలు నడక ఎంతసేపు సాగినా ఆ పెద్ద గుంపులకు పెద్దగా పిలుపు పోదు. అమ్మ నాలుగేళ్లు నడిచింది. నాలుగేళ్లూ అవి పిలుపు లేకుండా ఉండిపోయాయి.

వయసు పెరిగేకొద్దీ ఆ నాడీకణాల్లో కొన్ని చనిపోతాయి. వాటి కింది పోగుల్లో కొన్నిటిని పక్కనున్న నాడీకణం కొత్త కొమ్మ వేసి దగ్గరకు తీసుకుంటుంది. మిగతావి ఎండిపోతాయి. ఎక్కువ నష్టపోయేవి రెండో రకం పోగులే. ఇట్లా కండ కరిగిపోవడానికి 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గ్రీకు మాటలు కలిపి సార్కోపీనియా అని పేరు పెట్టారు. 30 ఏళ్లు దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుంది, 60 దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. బలం అంతకన్నా తొందరగా పోతుంది. 75 ఏళ్ల వయసులో ఏడాదికి 2.5 నుంచి 4 శాతం దాకా తగ్గుతుందని అంచనా. ఆ బలాన్ని ఒక్క ఊపులో చూపించే శక్తి అన్నిటికన్నా ముందే పోతుంది. అందుకే మనిషిని చూస్తే తెలియదు, లేవబోతే తెలుస్తుంది. పైగా సన్నగా కనిపిస్తూనే కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండే శరీరాలు మనవాళ్లలో ఎక్కువ. సన్నగా ఉన్నారు కాబట్టి బాగానే ఉన్నారనుకోవడానికి లేదు.

మరి తగ్గుదల ఏళ్ల తరబడి ఇంత నెమ్మదిగా జరుగుతుంటే, లేవడం ఒక్కరోజే ఎందుకు ఆగిపోయింది?

పాకాల చెరువు కిందో, రామప్ప చెరువు కిందో సేద్యం చేసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. చెరువులో నీళ్లు రోజూ కొంచెం కొంచెం తగ్గుతుంటాయి. తూము మట్టానికి పైన ఉన్నంతకాలం పొలానికి నీళ్లు వస్తూనే ఉంటాయి, కింద మడిలో ఉన్నవాళ్లకు ఏ తేడా తెలియదు. మట్టం తూము కిందికి దిగిన రోజు నీళ్లు ఆగిపోతాయి. కాళ్ల బలమూ ఇంతే. రోజూ చేసే ఒక్కో పనికి ఒక్కో ఎత్తులో తూము ఉంటుంది. నడక తూము బాగా కింద ఉంటుంది. కుర్చీలోంచి లేచేది దానికన్నా పైన, నేల మీది నుంచి లేచేది అన్నిటికన్నా పైన. అమ్మ బలం పై తూము కిందికి దిగిపోయింది కానీ కింది తూముకు ఇంకా చాలా పైనే ఉంది. అందుకే బండ్ మీద ఏ లోటూ తెలియలేదు.

ఆ బతుకమ్మకు నెలన్నర ముందు అమ్మకు డెంగీ వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ప్లేట్‌లెట్ల టెన్షన్‌లో ఆమె కాళ్ల గురించి ఎవరమూ ఆలోచించలేదు. డిశ్చార్జ్ చేస్తూ "రెస్ట్ తీసుకోండి" అన్నారు, తర్వాత బలం ఎట్లా తెచ్చుకోవాలో ఒక్క ముక్క చెప్పలేదు. మేమూ అడగలేదు. 2007లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీద పడుకోబెడితే కాళ్లలో దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. జ్వరం లేదు, రోగం లేదు, పడుకోవడమొక్కటే కారణం. వయసులో ఉన్నవాళ్లు ఇలాంటి దెబ్బ నుంచి కోలుకున్నంత సులువుగా పెద్దవాళ్లు కోలుకోరు. ఇంట్లో పెద్దవాళ్లకు జ్వరమో, ఆపరేషనో అయినప్పుడు డాక్టర్ ఒప్పుకున్న మొదటి రోజే వాళ్లను మంచం మీద లేపి కూర్చోబెట్టాలని, బాత్రూమ్ దాకా నడిపించాలని ఇప్పుడు నేను ఎవరికైనా చెప్తాను.

ప్రేమతో తీసేసిన పనులు

అమ్మ పరకాల దగ్గరి పల్లెటూళ్లో యాభై ఏళ్లు బతికింది. నాట్లు వేసింది, మిరప తోటలో కూలికి పోయింది, బర్రెను సాదింది. ఆ ఇంట్లో నేల పొయ్యి ముందు కూర్చుని వండేది, కిందే కూర్చుని తినేది, కిందే కూర్చుని బట్టలు ఉతికేది, అంట్లు తోమేది. పాలు పిండడానికి గొంతుకూర్చునేది. రోజుకు ముప్పై నలభై సార్లు నేల దాకా దిగి లేచేది. దానికి ఎవరూ వ్యాయామమని పేరు పెట్టలేదు.

హనుమకొండకు తెచ్చుకున్నాక గ్యాస్ పొయ్యి గట్టు మీదికి ఎక్కింది. అన్నం డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది. వాషింగ్ మెషీన్ వచ్చింది. "కింద కూసోకు అమ్మా, మోకాళ్లు నొస్తయ్" అని నేనే ప్లాస్టిక్ కుర్చీ జరిపేదాన్ని. వెస్టర్న్ కమోడ్ పెట్టించాను. లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్ చూసుకున్నాం. ఒక్కొక్కటీ ప్రేమతో చేసిందే, కొన్ని అవసరం కూడా. కానీ అన్నీ కలిపి చూస్తే, ఆమె తొడ కండరాలను రోజూ గట్టిగా పిలిచే పనులన్నిటినీ నేను ఒకదాని తర్వాత ఒకటి తీసేశాను. వాటి బదులు ఏదీ ఇవ్వలేదు. ఇది తలుచుకున్నప్పుడు నాకు ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది.

దీన్ని పట్టుకుని "పొలం పని చేసేవాళ్లకు వ్యాయామం అక్కర్లేదు" అనుకోవడం కూడా తప్పే. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి, మోకు వేసుకుని తాడెక్కే గీత కార్మికుడికి కాళ్లలో, పిడికిట్లో మనం ఊహించలేనంత బలం ఉంటుంది. కానీ నాట్లు వేసే ఆడవాళ్ల పని ఎక్కువగా నడుం వంచి చేసేది. నడుం అరుగుతుంది, తొడకు అంత పని పడదు. పనికి విశ్రాంతి లెక్కా ఉండదు, బరువు లెక్కా ఉండదు. ఇంకో సంగతి, పని మానేసిన రోజు నుంచే ఆ బలం కరగడం మొదలవుతుంది. ముప్పై ఏళ్ల కింద చేసిన కష్టం ఇవాళ్టి మోకాలిని లేపదు.

మోకాళ్ల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ భయపడేది అక్కడే. "గుజ్జు అరిగింది, ఇక కాళ్లు వంచొద్దు" అన్న మాట మన దగ్గర చాలా బలంగా ఉంది. కీలులోని మృదులాస్థికి, అంటే మనం గుజ్జు అనేదానికి, రక్తనాళాలు ఉండవు. కీలు మీద బరువు పడి తగ్గుతున్నప్పుడు చుట్టూ ఉన్న ద్రవం లోపలికి, బయటికి కదులుతుంది, దానికి అందే పోషణ అదే. తొడ ముందు కండరం బలంగా ఉంటే కీలు మీద పడే దెబ్బను కొంత అది కాచుకుంటుంది. మోకాలి అరుగుదలకు మొదట చేయాల్సిన చికిత్సల్లో వ్యాయామం ఒకటని వైద్య మార్గదర్శకాలు చెప్తున్నాయి. మా ఫిజియోథెరపిస్టు చెప్పిన కొలత సులువైనది. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఉంటే పర్వాలేదు. తెల్లారేసరికి నొప్పి పెరిగినా, కీలు వాచినా ముందు రోజు ఎక్కువ చేసినట్టు, కొంచెం తగ్గించాలి. పూర్తిగా మానొద్దు.

ఈ వయసులో కండ పెరుగుతుందా?

అమ్మ అడిగిన రెండో ప్రశ్న ఇది. దీనికి జవాబు 1990లోనే వచ్చింది. మరియా ఫియటరోన్ అనే డాక్టర్ బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న పదిమందిని తీసుకున్నారు. అందరూ బక్కచిక్కినవాళ్లే. ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. తేలికవి కావు, ఒక్కసారికి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం దాకా. చివరి వరకు ఉన్న తొమ్మిది మందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ మధ్యలో కండ 9 శాతం పెరిగింది.

ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి. కండ కొంచెమే పెరిగింది, బలం రెట్టింపు దాటింది. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నాడుల నుంచి వస్తుంది. పిలుపు లేకుండా పడి ఉన్న గుంపులకు మళ్లీ పిలుపు వెళ్తుంది. అవి కలిసి, ఒకేసారి రావడం నేర్చుకుంటాయి. అందుకే తొడ చుట్టుకొలత మారకముందే లేవడం సులువవుతుంది.

మా ఇంట్లో మొదట పరీక్షతో మొదలుపెట్టాం. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు 10 కన్నా తక్కువ, మగవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే వాళ్ల వయసువాళ్ల సగటుకన్నా వెనకబడ్డట్టు, పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. 60 నుంచి 64 వాళ్లకు అది ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 14. అమ్మ 7 చేసింది. ఏడోసారికి ముఖం ఎర్రబడింది.

ఆ పరీక్షే మందు కూడా అయింది. సోమ, గురువారాలు, ఓపికుంటే శనివారం, కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి అక్కడి నుంచి లేవడం మొదలుపెట్టింది. ఎనిమిది సార్లు, కాసేపు ఆగి మళ్లీ ఎనిమిది. చివరి రెండుసార్లు కష్టంగా ఉండాలి, అది ముఖ్యం. అన్నీ సులువుగా అయిపోతున్నాయంటే ఆ పెద్ద గుంపులకు పిలుపు పోనట్టే. సులువైన వారం ఒక దిండు తీసేశాం. ఇంకో మూడు వారాలకు రెండోదీ తీశాం. తర్వాత రెండు కిలోల బియ్యం సంచి ఛాతీకి హత్తుకుని లేవడం, ఆ తర్వాత అయిదు కిలోలు. లేచేటప్పుడు వేగంగా, కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా. ధబ్‌మని కుర్చీలో పడితే కిందికి దిగేటప్పుడు కండరానికి అందాల్సిన పని పోతుంది. మొదట్లో అమ్మ పళ్లు బిగించి ఊపిరి బిగబట్టేది. అట్లా చేస్తే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకని లేస్తూ "ఒకటి, రెండు" అని పైకి లెక్కపెట్టమన్నారు. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం కుదరదు.

కుర్చీతో పాటు వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, గోడకు చేతులు ఆనించి తోయడం, రెండు చేతులా కూరగాయల సంచులు పట్టుకుని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవడం చేస్తుంది. సంచుల నడక పిడికిలి కోసం. భారత్‌తో సహా 17 దేశాల్లో సుమారు 1,40,000 మంది మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో పిడికిలి పట్టు 5 కిలోలు తగ్గినకొద్దీ మరణించే ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. పిడికిలి బలహీనపడి మనిషి చనిపోతాడని దీని అర్థం కాదు. ఒంట్లో మొత్తం బలం ఎట్లా ఉందో పిడికిలి చెప్తుంది.

నేల మీది నుంచి లేవడం విడిగా నేర్పించారు. ముందు ఒక పక్కకు ఒరిగి, చేతులూ మోకాళ్ల మీదికి రావాలి. దగ్గరి కుర్చీ మీద రెండు చేతులు ఆనించి, బలమున్న కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేలకు నొక్కి లేవాలి. అమ్మ ఇంతకాలం కూర్చున్నచోటి నుంచి నేరుగా పైకి లేవాలని చూసింది. పెద్దవాళ్లు ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఒక్కసారైనా చేసి చూపించాలని నా కోరిక. ఒంటరిగా ఉన్నప్పుడు పడితే దెబ్బ తగలకపోయినా, లేవడం రాక గంటల తరబడి నేల మీదే ఉండిపోయేవాళ్లు ఉన్నారు.

పడకుండా ఉండడానికి బలం ఒక్కటే చాలదు, ఇది నాకు కొత్తగా తెలిసిన విషయం. వందకు పైగా పరిశోధనల ఫలితాలను కలిపి 2019లో చేసిన సమీక్షలో, నిలదొక్కుకునే సాధన, రోజువారీ కదలికల సాధన చేసినవాళ్లలో పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గింది. దానికి బరువుల వ్యాయామం తోడైతే మూడో వంతు దాకా తగ్గింది. నడక ఒక్కటే చేస్తే తగ్గుతుందని గట్టిగా తేలలేదు. తడి బాత్రూమ్‌లో కాలు జారితే సర్దుకోవడానికి సెకను కూడా ఉండదు. ఆ క్షణంలో కాలు సరైన చోట, వేగంగా పడాలి, అది సాధనతోనే వస్తుంది. అమ్మ ఇప్పుడు పళ్లు తోముకునేటప్పుడు ఒక చెయ్యి వాష్ బేసిన్ మీద పెట్టి ఒంటికాలి మీద నిలబడుతుంది.

తిండి సంగతి కొంత వివరంగానే చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలంటుంది. వృద్ధులకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని ఆ రంగంలో పనిచేసేవాళ్లు అంటున్నారు. వయసైన కండరం తిన్న ప్రోటీన్‌ను అంత చురుగ్గా వాడుకోదు, అందుకే ఎక్కువ ఇవ్వాలి. అమ్మ 58 కిలోలు, అంటే 58 నుంచి 70 గ్రాములు. ఒకరోజు కూర్చుని లెక్కవేశాను. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నంలో పచ్చి పులుసు, కొంచెం కూర, రాత్రి రెండు జొన్న రొట్టెలు, మజ్జిగ. 35 గ్రాములు కూడా రాలేదు. పళ్లు సరిగ్గా లేవని మాంసం మానేసింది, "అరగది" అని పప్పు తగ్గించింది. ఇప్పుడు పొద్దున రెండు గుడ్లు, ఒక్కోదాంట్లో 6 గ్రాములు. మధ్యాహ్నం పలచటి చారు బదులు ఒక కప్పు ముద్దపప్పు, 7 గ్రాముల పైన. సాయంత్రం ఉడకబెట్టిన పల్లీలు గుప్పెడు, ఇంకో 7. రాత్రి మజ్జిగ బదులు గడ్డ పెరుగు. ఆదివారం కోడికూర మెత్తగా ఉడికించి పెడతాను. ఒక్క పూటే కాకుండా మూడు పూటలా పంచి తినాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా ప్రోటీన్ పెంచకూడదు.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో లాభం ఉంది. తిన్నాక ఇన్సులిన్ పనితో రక్తంలోంచి బయటికి వెళ్లే చక్కెరలో ఎక్కువ భాగం చేరేది కండరాల్లోకే. కండ కరిగితే దాచుకునే గాదె చిన్నదవుతుంది. అయితే ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు వ్యాయామం తర్వాత చక్కెర బాగా పడిపోవచ్చు, కాబట్టి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. షుగర్ వల్ల కంటి లోపలి రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు కూడా అడగకుండా బరువుల జోలికి పోవద్దు. చేస్తుండగా ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఊపిరాడకపోవడం ఉంటే వెంటనే ఆపేసి చూపించుకోవాలి.

మూడు నెలలకు అమ్మ లెక్క 11కు వచ్చింది. వంటింటి క్యాలెండర్ మీద ప్రతి నెలా ఒకటో తారీఖు గడిలో తనే పెన్సిల్‌తో ఆ అంకె రాస్తుంది. ఏప్రిల్‌లో 13. మే నెలలో మా చెల్లెలి కూతురి పెళ్లి, బట్టలు, తిరుగుడు, చుట్టాలు, అంతలోనే దగ్గు జ్వరం. నాలుగు వారాలు అన్నీ ఆగిపోయాయి. జూన్ ఒకటిన 10 వచ్చింది. అంకె చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మళ్లీ ఒక దిండు వేసుకుని మొదలుపెట్టింది. పోయింది తిరిగి రావడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టలేదు, జూలై ఒకటిన గడిలో 12 ఉంది. నేల మీది నుంచి లేవడానికి ఇప్పుడు కుర్చీ అక్కర్లేదు, ఒక చెయ్యి మోకాలి మీద ఆనిస్తే చాలు. ఆ చెయ్యి కూడా తీసేయాలని పట్టుబట్టి, రోజూ సాయంత్రం పల్లీలు ఒలుచుకోవడానికి చాప మీదే కూర్చుంటోంది.